మిల్లు గచ్చు మీద టైరు చారలు

ఇవాళ సాయంత్రం మా వీధి మలుపులో ఎవరో కారు కదలకుండా నిలబెట్టి చక్రాలు గిర్రున తిప్పారు. కాలిన రబ్బరు వాసన ఇంట్లోకి వచ్చింది. పాపకు పడదని కిటికీ మూయబోయి, నేను మాత్రం ఆ వాసన ఇంకాస్త పీల్చుకున్నాను. పాప పడుకున్నాక ఇది రాస్తున్నాను.

వరలక్ష్మి పిన్నిగారు మాకు చుట్టం కాదు. పాలకొల్లులో మా ఎదురింట్లో ఉండేవారు. బజారులో బట్టల కొట్టు. సరుకు తెచ్చుకోవడానికి తన పాత కారు తనే నడుపుకునేవారు. మా పాపకు ఏడాది నిండకముందే ఆయాసం మొదలైంది. పిల్లల డాక్టరు భీమవరంలో, మా ఆయన ఉద్యోగం విశాఖలో. ఆయాసం వచ్చినప్పుడల్లా పాపను భుజాన వేసుకుని ఆటో కోసం గుమ్మంలో నిలబడేదాన్ని. ఒకరోజు పిన్నిగారు చూసి, "ఎన్నాళ్ళే ఇలాగ? రేపట్నించి రా, కారు నేర్పుతాను" అన్నారు.

ఊరి చివర రైస్ మిల్లుకు వడ్లు ఆరబోసే పెద్ద సిమెంటు గచ్చు ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు అక్కడే నా చదువు. ఇంజను కాస్త గట్టిగా మోగితే చాలు, భయపడి పెడళ్ళ మీంచి రెండు కాళ్ళూ తీసేసేదాన్ని. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయేది.

"అది అరిస్తే నువ్వెందుకే వణుకుతావు?"

"ఎక్కడికి దూకేస్తుందోనని అండి."

"దిగు. అలా దూరంగా, పక్కకి నిలబడు."

పిన్నిగారు చీర కుచ్చిళ్ళు పైకి సర్దుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నారు. హ్యాండ్ బ్రేకు బిగించి, ఫస్ట్ గేరు వేసి, ఇంజను హోరెత్తేదాకా తొక్కి, క్లచ్ ఒక్కసారిగా వదిలేశారు. ముందు చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. కీచుమన్న శబ్దానికి చెవులు మూసుకున్నాను. కారు పొగలో మునిగిపోయింది. పొగ విడిపోయాక చూస్తే జానెడు కూడా కదల్లేదు. పిన్నిగారు దగ్గుతూ తల బయటపెట్టి, "ఇంత గోల చేసింది కదా, ఎక్కడికైనా వెళ్ళిందా? పట్టుకున్నది నేనే" అన్నారు.

అంతలో మిల్లు మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. "ఏంటండి అమ్మగారూ ఇది! మధ్యాహ్నం వడ్లు ఆరబోయాలండి. ఈ నలుపంతా గింజకి పట్టదాండి? టైరు వాసనేసే అన్నం ఎవరు తింటారండి?"

పిన్నిగారు నాలుక కరుచుకున్నారు. కొబ్బరి పీచు, సబ్బునీళ్ళు తెప్పించి, ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని ఆ చారలు తోమాం.

"కొట్టు తెరిచే వేళకి నాచేత గచ్చు తోమించావు కదే!"

"కాల్చింది మీరండి!"

"సరేలే, నీళ్ళు పొయ్యి."

చారలు పూర్తిగా పోలేదు. మేస్త్రీ సణుక్కుంటూ వాటిమీద పట్టా పరిచాడు. నేను చేతులు తుడుచుకుని కారెక్కాను. ఇంజను మోగింది. కాళ్ళు తీయలేదు. కారు గచ్చు చుట్టూ మెల్లగా నడిచింది.

ఆ వర్షాకాలం మొదటిసారి పిన్నిగారి కారులో పాపను నేనే భీమవరం తీసుకెళ్ళాను. వెనక సీట్లో మా అమ్మ ఒళ్ళో పాపకు ఎగశ్వాస. రైల్వే గేటు ఎత్తు మీద కారు వెనక్కి జారబోయింది. వెనక లారీ హారను. అమ్మ "అయ్యో, అయ్యో" అంటోంది. నేను హ్యాండ్ బ్రేకు లాగి, ఒక్క క్షణం పాప ఊపిరి విని, అప్పుడు కదిలాను.

పిన్నిగారు ఇప్పుడు లేరు. నా భయమూ పోలేదు. పాప ఊపిరి బరువెక్కితే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. కొట్టుకోనిస్తాను. ఈలోగా నా చేతులు కారు తాళాలు అందుకుంటాయి, మంచం కింద పాప చెప్పులు వెతుకుతాయి.