చేతికందిన సెన్సార్

బడిలో నా చేతి దెబ్బలు తిన్నవాళ్ళంతా బాగుపడ్డారని రిటైరయ్యాక కూడా సన్మాన సభల్లో చెబుతుంటాను. వాళ్ళలో ఒకడు గుడివాడలో కార్ల షెడ్డు నడుపుతున్నాడు. మా కారులో ఇంజన్ బొమ్మ లైటు ఆరకుండా వెలుగుతుంటే అతని దగ్గరికే తీసుకెళ్ళాను. స్కానర్ పెట్టి చూసి, ఇంజన్ పొగను పసిగట్టే రెండు ఆక్సిజన్ సెన్సార్లలో ఇంజన్ వెనకాల ఉన్నది పోయిందన్నాడు. అది చెయ్యి దూరని సందు. గంటసేపు కారు కింద దొర్లి, "అయిపోయిందండీ మాస్టారూ" అన్నాడు.

బందరు బయల్దేరితే పామర్రు దాటకముందే లైటు మళ్ళీ వెలిగింది. వెనక్కి వెళ్ళి నిలదీశాను. మార్చింది కింద సైలెన్సర్ గొట్టానికున్న రెండో సెన్సార్‌నని తాపీగా చెప్పాడు.

నాకు ఒళ్ళు మండింది. "పోయింది ఒకటైతే ఇంకోటి మారుస్తావా? అదేం చేసిందయ్యా?"

"వెనకది అందలేదండీ. ఇది చేతికందింది."

"అందితే మాత్రం బాగున్నదాన్ని పీకేస్తావా? ఇదెక్కడి పద్ధతి? ఎవరు నేర్పారు నీకు?"

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"వెనక బెంచీలో ఎవరు ఈల వేసినా, ముందు బెంచీలో ఉన్న నన్నే కొట్టేవారు కదండీ."

ఆ లైటుతోనే బందరు చేరాను.