నీటికుక్క పేరు పుస్తకానికెక్కిన రోజు

మొన్న మా మనవరాలు సెల్‌ఫోనులో నీటికుక్క బొమ్మ చూపించి, ఇంగ్లీషులో ఆటర్, తమిళంలో నీర్‌నాయ్, హిందీలో ఊద్‌బిలావ్, శాస్త్రీయ నామం లూట్రా అంటూ గడగడా చదువుతుంటే, ఆ వరుసంతా అరవై ఏళ్ల కిందటే నా చేత్తో రాశానని చెప్పబోయి నోరు మూసుకున్నాను.

అప్పట్లో దొరవారిసత్రం దగ్గర ఒక పల్లెలో బడిపంతులుగా ఉండేవాణ్ణి. పులికాట్ చుట్టుపక్కల జంతువుల నమూనాలు సేకరించడానికి మద్రాసు నుంచి ఒక ఆఫీసరుగారు వచ్చి మా బడి వసారాలో మకాం పెడితే, నా దస్తూరి బాగుంటుందనీ, అరవం కూడా వచ్చుననీ, పేర్ల చీటీలు రాసే పని మా హెడ్మాస్టరుగారు నాకు అప్పగించారు. బిలావ్ అంటే పిల్లట, మనకు కుక్కయినది ఉత్తరాదివాళ్లకు పిల్లి ఎట్లా అయిందబ్బా అని తెగ ముచ్చటపడేవాణ్ణి. నాలుగు భాషల ముక్కలు వచ్చేసరికి కాళ్లు నేలమీద ఆనేవి కావు.

మా చేలల్లో ఎలుకలు పట్టే యానాది తాత ఒకాయన దగ్గర పెంపుడు నీటికుక్క ఉండేది. తల్లి చచ్చి వలలో దొరికిన కూనను బిడ్డలా సాకాడు, అది పెద్దదై చేపల్ని తరిమి ఆయన వలలోకి తోలేది. వెనకా ముందూ ఎవరూ లేని మనిషికి అదే సంసారం. కరణం పుస్తకంలో పేరెక్కక మూడుసార్లు గుడిసె పీకించుకున్నవాడు గనక, ఆఫీసరు దొరగారు జంతువుల పేర్లు పుస్తకంలో ఎక్కిస్తున్నారని వినగానే, ఎక్కితే ఇక దాన్ని తననుంచి ఎవరూ లాక్కోలేరని నమ్మి, తనంతట తానే చంకన వేసుకొచ్చాడు.

ఆఫీసరుగారికి కావలసింది తోలూ పుర్రే. ఆ సంగతి నాకు తెలుసు, పెట్టెలు సర్దేది నేనే. ఒక్కమాట చెప్పి తాతను వెనక్కి పంపాల్సింది. పెద్దల ముందు నోరెత్తడం మర్యాద కాదనుకున్నాను. అంతకంటే సిగ్గుమాలిన సంగతి, నా అక్షరాలు మద్రాసు దాకా పోతాయని ఉబ్బిపోయాను. రెండురోజులు ఉంచి పంపిస్తామని ఆఫీసరుగారు అంటే తాత దండం పెట్టి వెళ్లాడు. చీటీలో అన్ని భాషల పేర్లూ పట్టాయి, సేకరించినవారు అన్నచోట ఆఫీసరుగారి పేరూ పట్టింది. తాత పేరు రాయమని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

మూడోనాటికి తోలూ పుర్రే సర్దిన పెట్టెలతో మకాం ఎత్తేశారు. తాత వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"మావోడి పేరెక్కించినారా అయివోరా?"

"ఎక్కించాం తాతా."

"అయితే మా పిలకాయనియ్యండి, పోతాను."

ఏం చెప్పానో నాకు గుర్తులేదు, ఆయన ముఖం మాత్రం గుర్తుంది. ఆ తర్వాత మా చేలవైపు మళ్లీ రాలేదు.

ఇప్పుడు నీటికుక్క మీద చెయ్యి వేస్తే జైలేనట, మంచిదే. అప్పట్లో ఆ చట్టం లేదు గానీ, నాకు నోరైతే ఉండింది.