పాదం మీద మూడు నిమిషాలు

మా వదిన దృష్టిలో నా చెయ్యి మంచిది కాదు. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన మొదటి వేసవిలో నేను కలిపిన మామిడికాయ పచ్చడికి బూజు పట్టింది. కొత్త కోడలిని, జాడీ లోపల తడి ఆరిందో లేదో చూసుకోలేదు, అంతే. మా ఆయన అక్క, అంటే మా వదిన, అది నా చేతి గుణమని తేల్చేసింది. ఇరవై రెండేళ్లు ఆ జాడీని నన్ను ముట్టుకోనివ్వలేదు. ఎవరైనా చుట్టాలొస్తే, నేను మంచినీళ్ల గ్లాసులు పట్టుకొని అక్కడే ఉండగా, "మా మరదలు మంచిదే, చెయ్యే జెర మంచిగ లేదు" అనేది. వాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం ఒళ్లు మండిపోయేది.

ఆమె మా పెళ్లికి ముందే భర్తను పోగొట్టుకొని అల్వాల్‌లో తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. నాకు అత్తగారు లేరు. ఆ లోటు ఆమె తెలియనివ్వలేదు.

ఆ ఇరవై రెండో ఏట, సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట అల్వాల్ బస్సు కోసం నిలబడినప్పుడు నాకొక పుస్తకం దొరికింది. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్ప. పైన ఒక నీలం అట్ట, దాని మీద రెండు అరచేతులు, మధ్యలోంచి పసుపు వెలుగు. చేతులు ఆనించి జబ్బులు తగ్గించే రేకీని ఇంట్లో కూర్చొని నేర్చుకోవడమెలాగో చెప్పే ఇంగ్లీషు పుస్తకం. వెనక అట్ట మీద, ఈ శక్తి ఎవరి చేతుల్లోనైనా ఉంటుందని రాశారు. ఎవరి చేతుల్లోనైనా. ఆ ముక్క కోసమే కొన్నాను. రెండు బస్సులు వదిలేసి అక్కడే నిలబడి పదిహేను పేజీలు చదివాను.

పుస్తకం ప్రకారం ముందు ఇరవై ఒక్క రోజులు మన మీద మనమే చేసుకోవాలి. కళ్ల మీద, చెవుల మీద, గొంతు దగ్గర, గుండె మీద, పొట్ట మీద, అలా పన్నెండు చోట్ల చేతులు పెట్టాలి. ఒక్కో చోట మూడు నిమిషాలు. బొమ్మల్లో ఉన్న మనిషికి కళ్లూ ముక్కూ లేవు, బోడిగుండు మాత్రం ఉంది. నేను ఫోన్లో మూడు నిమిషాలకొకసారి మోగే గంట పెట్టుకొని, వంట మొదలుపెట్టకముందే ముందుగదిలో కూర్చునేదాన్ని. మా ఆయన చూసి, "ఏందే, గుడ్ల మీద కోడిలెక్క కూసున్నవ్" అనేవాడు. ఈ ఒక్కరోజు కోపం తెచ్చుకోను అని పొద్దున్నే అనుకోవాలని కూడా పుస్తకంలో ఉంది. నేను రోజూ అనుకునేదాన్ని. ఉప్మాలో ఉప్పు గురించి వదిన నోరు తెరిచేదాకా అది నిలిచేది.

పుస్తకమంతా వేడి మీదే నడుస్తుంది. చెయ్యి పెట్టినచోట అరచేతికి వేడి తగిలితే శక్తి పారుతున్నట్టు. ఎంత వేడైతే అంత బాగా పారుతున్నట్టు. పదో రోజుకు నా అరచేతులు వెచ్చబడ్డాయి. ఒకరోజు మా ఆయన ఆఫీసు నుంచి తలనొప్పితో వచ్చాడు. టీ తాగాడు, పడుకున్నాడు, నేను నుదుటి మీద చెయ్యి పెట్టాను. గంటకు తగ్గిందన్నాడు. మూడింట్లో దేనికి తగ్గిందో నేను అడగలేదు.

మే నెలలో వదిన పచ్చడి కోసం మిరపకాయలు, రాళ్లుప్పు డాబా మీద ఎండబోసింది. పచ్చడి సరుకు దగ్గరికి చెప్పులతో పోకూడదని ఆమె పట్టు. పన్నెండు గంటల ఎండలో, కాలుతున్న బండల మీద వట్టి కాళ్లతో తిరిగి మిరపకాయలు తిరగేసింది. ఆమెకు పదిహేనేళ్లుగా షుగర్. అరికాళ్లకు స్పర్శ పోయి చాలా కాలమైంది. సాయంత్రం కాళ్లు కడుక్కుంటుంటే కుడి అరికాల్లో, బొటనవేలి కింద, రేగుపండంత బొబ్బ కనిపించింది. నొప్పి లేదంది. రెండో రోజు అది పగిలింది. మూడో రోజు మా ఆయన డాక్టరు దగ్గరికి పోదామన్నాడు.

"నాకు దవాఖాన వద్దురా. మీ బావ దవాఖానకు నడుసుకుంట పోయిండు. ఎట్లొచ్చిండో సూసినవ్ గదా" అంది.

ఆయన ఊరుకున్నాడు. మరుసటి రోజు మధ్యాహ్నం ఆమే నా గది గుమ్మంలోకి కుంటుకుంటూ వచ్చింది.

"నీ పుస్తకంల కాలి సంగతి ఉందా?"

ఇక్కడ మా వదిన గురించి ఒకటి చెప్పాలి. ఆమె మనుషుల మాట నమ్మదు, అచ్చయిన మాట నమ్ముతుంది. ఏడో తరగతి వరకు తెలుగులో చదువుకుంది. ఇంట్లోకి ఏ వస్తువొచ్చినా దాంతో వచ్చిన చిన్న పుస్తకం నా చేత మొదటి నుంచి చివరి దాకా చదివించుకునేది. కుక్కరుకు, మిక్సీకి, చివరికి దోమల యంత్రానికి కూడా. నేను ఇంగ్లీషు చూసి తెలుగులో చెబుతుంటే, తను పక్కన కూర్చొని ఆ తెలియని అక్షరాల మీద వేలు జరుపుతూ వినేది. పుస్తకంలో ఉంటే ఇక తిరుగులేదు. కుక్కరులో సగానికి మించి పప్పు పోయకూడదని చదివితే, ఇంటికి ఎంతమంది వచ్చినా సగానికి మించి పోయనిచ్చేది కాదు.

ఆ మధ్యాహ్నం కూడా మొదటి పేజీ తీసి పక్కన కూర్చుంది. నేను చదువుతున్నాను, ఆమె వేలు కదులుతోంది. పేజీ సగంలో ఒక వాక్యం వచ్చింది. ఇది వైద్యానికి బదులు కాదు, గాయాలున్నవాళ్లు, చక్కెర జబ్బున్నవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోవాలి, అని. అది చదివితే ఆమె లేచి చీర మార్చుకొని ఆటో పిలవమనేది. నాకది ఖాయంగా తెలుసు. నా చేతులతో మళ్లీ పని ఉండేది కాదు.

ఆ వాక్యం దాటి కింది వాక్యం చదివాను. ఆమె వేలు కూడా దాటిపోయింది.

ఇంకో నియమం మాత్రం వదలకుండా చదివాను. రేకీ ఊరికే చేయకూడదు, పొందినవాళ్లు బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలి, డబ్బే కానక్కర్లేదు. వదిన కాసేపు ఆలోచించి, "నీకేమియ్యాలె?" అంది.

"ఈ ఏడు పచ్చడి నేను కలుపుతా" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత కాలు చాపి నా ఒళ్లో పెట్టింది. "కలుపుకో" అంది.

నాకు సంతోషం వేసింది, దాచడమెందుకు. ఇరవై రెండేళ్లు వంక పెట్టిన చేతుల్లోకి ఆమె తన కాలు తెచ్చి పెట్టింది. పుండు మీద తెల్లగుడ్డ వేసి, దాని మీద అరచేతులు ఆనించాను. వెంటనే వేడి తగిలింది. నా చెంపల మీదా, మా ఆయన నుదుటి మీదా ఎప్పుడూ అంత వేడి తగల్లేదు. బొల్లారం పోయే రైలు వెళ్తుంటే కిటికీ అద్దాలు అదిరాయి, నేను కళ్లు తెరవలేదు. గంట మోగాక, "వదినా, నా చెయ్యి ఎంత వేడెక్కిందో చూడండి" అని ఆమె చేతిని పట్టుకున్నాను. "అవునే, కాలుతున్నయ్" అంది ఆశ్చర్యంగా.

కాలుతున్నవి నా చేతులు కావు. ఆమె పాదం.

రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి పావుగంట. మధ్యలో ఒకరోజు పచ్చడి కలిపాను. ఆమె కాలు స్టూలు మీద పెట్టుకొని కూర్చొని చూసింది, ఒక్క మాట కూడా అనలేదు. ఆవపిండిలో, కారంలో మోచేతుల దాకా ముంచి కలుపుతుంటే నాకు పాట పాడాలనిపించింది. చేతులు కడుక్కొని వచ్చి మళ్లీ ఆ పాదం పట్టుకున్నాను.

ఆరో రోజుకు పాదం వాచింది. పుండు కొద్దిగా వాసన వస్తోంది. పుస్తకంలో దానికీ సమాధానం ఉంది. తగ్గే ముందు ఒంట్లోని చెడంతా పైకొస్తుందట, కొన్నాళ్లు ఎక్కువైనట్టు కనిపిస్తుందట, భయపడి ఆపకూడదట. ఆ పేజీ గట్టిగా, రెండుసార్లు చదివి వినిపించాను. మా ఆయన గుమ్మంలో నిలబడి విని, "ఒక్కసారి డాక్టర్‌కు సూపెడితే ఏం పోతది? నాకు పరేషాన్ అయితుంది" అన్నాడు.

"మధ్యలో ఆపితే మొదటికొస్తుంది. పుస్తకంలో ఉంది" అన్నాను.

"పుస్తకంల ఉందంటుంది గదరా" అంది వదిన.

తొమ్మిదో రోజు గుడ్డ తీసేసరికి వాసన గదంతా నిండింది. బొటనవేలి పక్కన చర్మం నల్లగా ఉంది. నాకు ఆ రోజే తెలుసు. తెలియక చేశానని తర్వాత అందరికీ చెప్పాను, మా ఆయనకు చెప్పాను, డాక్టరుకు చెప్పాను. తొమ్మిదో రోజు నాకు తెలుసు. అప్పుడు చెబితే, ఆ వాక్యం సంగతి కూడా చెప్పాలి. నా చెయ్యి మంచిది కాదని చుట్టాలందరి ముందూ మళ్లీ మొదలవుతుంది. ఇంకో రెండు రోజులు చూద్దామనుకున్నాను. అగరొత్తి వెలిగించి, గుడ్డ మార్చి, చేతులు పెట్టి కళ్లు మూసుకున్నాను.

ఆ రెండు రోజులు ఐదయ్యాయి. పద్నాలుగో రోజు పొద్దున ఆమెకు చలిజ్వరం వచ్చి మాటలు తడబడ్డాయి. మా ఆయన నన్ను ఏమీ అడగకుండా ఆమెను ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాడు. తిరుమలగిరి వైపు ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు చిన్న వయసావిడ. కట్టు విప్పి ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకోలేదు, అది ఆమె మర్యాద.

"ఎన్ని రోజులైంది?"

"పద్నాలుగు" అన్నాను.

"మొదటి వారంలో తెస్తే మందులతో పోయేదమ్మా. మహా అయితే ఒక వేలు. ఇప్పుడు మోకాలి కింద తీసేయాలి. ఇన్ని రోజులు ఏం పెట్టారు దీని మీద?"

చేతులు పెట్టాం అని చెప్పలేక, "మాకు తెలియలేదు డాక్టరుగారూ" అన్నాను. మా ఆయన నేల చూశాడు.

కాలు తీసేశారు. ఇంటికొచ్చాక కొన్నాళ్లు ఆమె గోడవైపు తిరిగి పడుకునేది. తర్వాత లేని పాదం మండడం మొదలైంది. అరికాల్లో, బొటనవేలి కింద, సరిగ్గా అక్కడే. ఉన్నప్పుడు ఏళ్ల తరబడి ఏమీ తెలియని అరికాలు ఇప్పుడు నిప్పుల మీద పెట్టినట్టు మండుతోందని ఏడ్చేది. మాత్రలు పనిచేయలేదు. ఒక సాయంత్రం, "జెర నీ చెయ్యి పెట్టే" అంది.

"ఎక్కడ పెట్టాలి వదినా?"

దుప్పటి మీద ఖాళీ చోటు చూపించింది. అక్కడ పెట్టాను. వేడి లేదు, ఏమీ లేదు, కింద వట్టి పరుపు. గంట మోగేసరికి ఆమె ముఖం తేటపడింది. తగ్గిందంది.

అప్పటి నుంచి నా పని ఇంకా కష్టమైంది. చూడవచ్చిన ప్రతివాళ్లతో ఆమె నన్ను పొగడడం మొదలుపెట్టింది. "మందులు సుత పన్జెయ్యలే. మా మరదలు చెయ్యి పెడితెనే నాకు నిద్ర. బంగారమసుంటి చెయ్యి." పచ్చడికి ఈసారి బూజు పట్టలేదని కూడా చెప్పేది, జాడీ తెప్పించి అందరికీ పెట్టించేది. ఇరవై రెండేళ్లు నేను ఏ మాట కోసం చచ్చానో ఆ మాటే. అది మొదలవగానే వంటింట్లోకి పోయేదాన్ని. ఆమె తిట్టిన రోజులే నయమనిపించింది.

ఒక ఆదివారం, నేను గుడికి పోయిన సమయంలో మంట లేచిందట. వచ్చేసరికి, "నువ్వు లేనప్పుడు నేనే పెట్టుకుంట. నాకు సుత నేర్పియ్యి. మొదటికెల్లి సదువు" అంది. పుస్తకం తెచ్చాను. పక్కన కూర్చొని వేలు పెట్టింది. పేజీ సగానికొచ్చింది. మళ్లీ దాటిపోవచ్చు, నాలుకకు అలవాటే. కానీ ఆ పొగడ్తలు ఇక మోయలేకపోయాను. ఆ వాక్యం చదివాను. గాయాలున్నవాళ్లు, చక్కెర జబ్బున్నవాళ్లు, ముందు డాక్టరు.

ఆమె వేలు ఆగింది.

"గిది అప్పుడు సదువలే నువ్వు."

"చదవలేదు."

"ఉండెనా అప్పుడు?"

"ఉంది."

అరుస్తుందనుకున్నాను, పుస్తకం నా ముఖాన కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. వంటింట్లో నుంచి మా ఆయన దగ్గు వినబడింది. ఆమె అటువైపు చూసి గొంతు తగ్గించింది.

"తమ్మునికి చెప్పకు. నిన్ను ఎళ్లగొడతడు. నువ్వు పోతె నాకు చెయ్యి ఎవరు పెడతరు?"

నేను తల ఊపాను.

"ఊకె చెయ్యొద్దని ఉంది గదా పుస్తకంల. బదులియ్యాలె గదా. నేను జాడీ ఇచ్చిన, కాలు సుత ఇచ్చిన. నువ్వేమియ్యలే."

"ఏమివ్వాలి?"

"రోజూ చెయ్యి పెట్టే ముందల గా ముక్క సదువు. నేను ఇనాలె."

ఇది జరిగి ఏడాది దాటింది. రోజూ సాయంత్రం ఐదింటికి పుస్తకం తీస్తాను. ఆ పేజీ దగ్గర కుట్టు వదులై తనంతటతానే తెరుచుకుంటుంది. ఆమె వేలు ఆ వాక్యం మొదట్లో పెట్టి ఎదురుచూస్తుంది. ఇప్పుడు ఆ వరుసను నా సాయం లేకుండానే గుర్తుపడుతుంది. నేను చదువుతాను. తొందరగా చదివితే మళ్లీ చదవమంటుంది. తర్వాత ఆమె దుప్పటి సర్దుకొని పడుకుంటుంది, నేను పాదం ఉండాల్సిన చోట రెండు చేతులూ పెడతాను. మూడు నిమిషాలకు గంట మోగుతుంది. తగ్గిందంటుంది, నా చెయ్యి మంచిదంటుంది, రేపు ఐదింటికి గుర్తుపెట్టుకోమంటుంది.