మైపాడు పడవకు బ్రెజిల్ తెరచాప

ఈ ప్రయాణానికి మూలం దాసు అనే మైపాడు జాలరి వేసిన ఒక ప్రశ్న. నెల్లూరులో నాకు చిన్న జిరాక్సు దుకాణం ఉంది. కంప్యూటర్ పని ఎవరి దగ్గరా చదువుకోలేదు. చూసి, రాసుకుని, తప్పులు దిద్దుకుంటూ వంటబట్టించుకున్నాను. పడవ కాగితాల కోసం వచ్చిన దాసు, "అన్నా, మా తాత తెరచాప గట్టుకోని సముద్రం మీదికి పొయ్యేవాడంట. ఆ చాప కత్తిరించేది ఇప్పుడు మా ఊళ్లో ఎవురికీ తెలీదు. నీ కంప్యూటర్‌కన్నా తెలుసునా?" అన్నాడు. వచ్చినదంతా డీజిలుకే పోతోందనీ, ఈ చాప పని జరగకపోతే పడవ అమ్మేసి తడ దగ్గర ఫ్యాక్టరీలో కాపలా పనికి చేరడమేననీ చెప్పాడు.

కంప్యూటర్‌కు తెలియలేదు గానీ తెలిసిన మనిషిని చూపించింది. చేతిపనుల వాళ్లు బొమ్మలు గీసి పంచుకునే ఒక ఆన్‌లైన్ పలక మీద రైముండో అనే ఆయన పరిచయమయ్యారు. బ్రెజిల్ ఈశాన్య తీరంలో ఇప్పటికీ తెరచాపతో వేటకు వెళ్లే మనిషి. ఆరు ఆదివారాలు, మాకు సాయంత్రం ఆరు, ఆయనకు ఉదయం తొమ్మిదిన్నర, ఫోన్లు తెరిచి కూర్చున్నాము. ఆయన పోర్చుగీసులో అన్న మాట రెండు ఊపిరుల ఎడంలో ఫోనులోనే తెలుగై వినిపించేది. ఒకే బొమ్మ మీద ఆయన గీత ఎరుపు, దాసు గీత నీలం. భూమికి ఆవలి వైపున ఒక వేలు కదిలితే మా కళ్ల ముందు చాప అంచు మెల్లగా వంగేది. ఆ కొలతల ప్రకారం షామియానాలు కుట్టే దర్జీ చేత గుడ్డ కుట్టించాము.

పరీక్ష శనివారం పెట్టుకున్నాము. తడ ఫ్యాక్టరీవాళ్లు దాసును ఆ సోమవారంలోగా మాట చెప్పమన్నారు. నెల్లూరు నుంచి మైపాడు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. పగలైతే బస్సులున్నాయి, తెల్లవారుజామున నమ్మలేము కనుక ఐదింటికి ఆటో మాట్లాడుకున్నాను. ఐదు వందలు అడిగాడు, నాలుగు వందల యాభైకి వచ్చాడు. రొయ్యల చెరువుల మీద మంచు కదలకుండా నిలిచి ఉంది. చెరువుల గట్ల మీది దీపాలు నీళ్లలో తలకిందులుగా వెలుగుతున్నాయి. డ్రైవరు, "ఈ చలిలో బీచి చూసేదానికి వచ్చేది మీరే సార్" అన్నాడు. చాప చూడడానికి వచ్చానంటే నమ్మలేదు.

ఆరుంబావుకు ఇసుక మీద నలుగురమే: దాసు, అతని భార్య మరియమ్మ, పడవలో రెండో మనిషిగా పోవలసిన ఆమె తమ్ముడు యేసోబు, నేను. పొద్దుటి పూట గాలి నేల మీద నుంచి సముద్రానికి వీస్తుంది, తొమ్మిదింటికల్లా ఆగిపోతుంది. ఆ గాలి ఉండగానే బయలుదేరాలి. నేను ఫోను పట్టుకుని, ఇంకా శుక్రవారం రాత్రిలోనే ఉన్న రైముండోకు పడవ చూపించాను. వాళ్లిద్దరూ పడవను నీళ్లలోకి నెట్టి ఎక్కబోతుండగా ఫోను స్పష్టమైన తెలుగులో అడిగింది:

"ఎక్కడికి వెళ్తున్నారు?"

యేసోబు ఎత్తిన కాలు దించేశాడు.

"అయిపాయ. ఇంక ఈ పొద్దుకు వొద్దు బావా."

"సువార్త కూటాల్లో ముందు వరస నీదే గదరా! నీకెందుకీ పట్టింపులు?" అన్నాడు దాసు.

"ప్రార్థన ప్రార్థనే. యాడికి అంటే యాడికే. మా నాయన గూడా ఇట్టాంటప్పుడు పడవ ఎక్కినోడు గాదు."

ఒక్కడి చేతిలో ఆ చాప నిలవదు. ఆగిన పడవను చూసి రైముండో ఏమైందని అడిగారు. బయలుదేరే మనిషిని ఎక్కడికని అడగడం మా వైపు అపశకునమనీ, అడిగితే వెనక్కి వచ్చి కూర్చుని నీళ్లు తాగి కాసేపాగి పోవాలనీ, కొందరు అసలు పోరనీ వివరించాను. ఆయన ముఖం చిన్నబోయింది. "దిశ తెలిస్తే చాప ఎటు తిప్పాలో చెబుదామని అడిగాను" అన్నారు. అనువాదంలో ఒక్క అక్షరం తప్పు లేదు. తప్పు నాది. ఛార్జింగు మొదలు ఫోనుకు ప్లాస్టిక్ కవరు దాకా పద్నాలుగు అంశాలు రాసుకున్న నేను, చిన్నప్పటి నుంచి ఎరిగిన ఈ పద్ధతిని ఆయనకు ముందుగా చెప్పాలని రాసుకోలేదు.

మరియమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుని రైముండోతో అంది: "అన్నా, అడిగినోళ్లు గూడా కూసోని నీళ్లు తాగాల. మీరు తాగితే ఈళ్లు తాగతారు."

"అట్టా మన పద్ధతిలో ఉందా అక్కా?" అన్నాడు యేసోబు.

"లేదు. సెల్లులో అడిగేది మాత్రం ఉందా?"

రైముండో లేచి వెళ్లి, రేకు చెంబులాంటి గ్లాసు తెచ్చుకుని, గుమ్మంలో కూర్చున్నారు. తొందర లేకుండా తాగి, గ్లాసును తెర ముందు బోర్లించి చూపారు. యేసోబు వంగి చూసి, "ఒక్క చుక్క గూడా మిగిల్చలా పెద్దాయన!" అని నవ్వి, తానూ ఇసుకలో చతికిలబడి సీసా అందుకున్నాడు. దాసు మాత్రం గుటక వేస్తూనే గాలివైపు చూస్తున్నాడు.

ఏడు దాటాక కదిలారు. అలలు దాటే వరకు ఇంజను మోగింది. తర్వాత ఆగిపోయింది. గోధుమరంగు గుడ్డ ఒకసారి వదులుగా కొట్టుకుని, ఊపిరి పీల్చిన ఛాతీలా నిండింది. పడవ చప్పుడు లేకుండా, నిద్రలో నడిచినట్టు, ఎండ పడిన నీళ్లలోకి సాగిపోయింది. ఫోనులో రైముండో సన్నగా ఏదో రాగం తీశారు. మాటలు లేని దానికి అనువాదం రాలేదు.

పదకొండు దాటాక, గాలి సముద్రం వైపు నుంచి నేల మీదికి మళ్లినప్పుడు, చాపతోనే తిరిగి వచ్చారు. తాడు ఒరుసుకుని దాసు అరచేతులు ఎర్రగా కందిపోయాయి. మరియమ్మ అడగకముందే, "తడకు ఫోన్ జేసి ఇంకొకర్ని చూసుకోమను" అన్నాడు. నా వైపు తిరిగి, "అన్నా, చాప కింది మూల కొట్టుకుంటా ఉండాది. బొమ్మ తెరువు" అన్నాడు.

మధ్యాహ్నం బస్సులో తిరిగివస్తూ ఆలోచించాను. ఒకే గాలికి బతుకు కట్టుకున్న మనుషులు ఇన్నాళ్లూ ఒకరి మాట ఒకరికి అందక, తెలిసిన పనినే మళ్లీ మళ్లీ పోగొట్టుకున్నారు. ఇప్పుడు మాట దాటుతోంది. మాట వెనుక ఉన్న మనిషిని మాత్రం మనమే దాటించాలి. అందుకు మరియమ్మలాంటి వాళ్లు కావాలి. ఏ తీరంలో ఏ వేళ ఎవరి చాప ఎవరి చేతిలో రూపుదిద్దుకుంటుందోనన్న ఊహతో ఊరు వచ్చేవరకు కళ్లు మూసుకున్నాను.

ఇలాంటి పనికి వెళ్లేవారికి ఒక్క సూచన: ఫోను కలిపే ముందు ఇరువైపులా, "మీ దగ్గర ఏమి అడగకూడదు?" అని అడిగి కాగితం మీద రాసుకోండి.