మైకక్క గొట్టం తీయించుకున్నాక

మా తోటికోడల్ని మార్కెట్లో అందరూ మైకక్క అంటారు. కూరగాయల హోల్‌సేల్ మార్కెట్లో వేలం వేసేది తనే. షెడ్డుకి ఆ చివర లారీ దించుతున్న హమాలీలకి కూడా, ఈ చివర స్టూలు మీద నిలబడి ఆవిడ "ఒకటోసారి" అన్నది వినపడేది. మా బావగారు పోయాక ఆయన ఎక్కే స్టూలే తనూ ఎక్కింది. అంతకుముందు ఇంట్లో నోరెత్తి గట్టిగా మాట్లాడింది కూడా లేదట. "పొయ్యి మీద ఎసరు ఖాళీగా మరుగుతుంటే గొంతు దానంతటదే లేస్తుందిలే" అనేది. ఆ గొంతు మీదే మరిదిని పెంచింది. వాడికి చదువబ్బకపోతే అదే మార్కెట్లో కొట్టు పెట్టించింది, పెళ్ళి చేసింది. ఆ మరిది నా మొగుడే. కాబట్టి, ఇదేమిటీ కట్టుకున్నవాణ్ణి ఇలా ఆడిపోసుకుంటోంది అని ముక్కున వేలేసుకోకండి. నేను తిట్టాల్సింది ఇంకా చాలా మిగిలే ఉంది.

అక్కకి నెమ్ము చేసి ఆస్పత్రిలో పడింది. నోట్లోంచి గొట్టం వేసి, మిషన్ మీద ఊపిరి పోసి బతికించారు. ఇంటికొచ్చింది, తేరుకుంటోంది అనుకుంటుంటే మళ్ళీ ఆయాసం మొదలైంది. నాలుగు మాటలు కలిపి మాట్లాడితే గోడ పట్టుకునేది. డాక్టరమ్మ లోపలికి కెమెరా వేసి చూసింది. ఆస్పత్రి గొట్టం ఒరుసుకున్న చోట శ్వాసనాళం పుండుపడి, మానేటప్పుడు బిగుసుకుపోయిందంది. అక్కడ వెడల్పు చేసి, మళ్ళీ ముడుచుకోకుండా లోపల స్టెంట్ పెట్టింది. సిలికాన్‌ది, నా బొటనవేలంత గొట్టం. లోహపు జాలీదైతే కండ అల్లుకుపోయి తీయడం కష్టమట. ఇదైతే ఏడాది దాటాక తీసి చూడొచ్చట. నాళం తెరుచుకుని నిలబడితే సరే, నిలబడకపోతే మళ్ళీ గొట్టమే గతి.

గొట్టంతో ఊపిరి ఆడింది గానీ గొంతు పోయింది. గుసగుస మిగిలింది. లోపల కఫం ఎండి అడ్డుపడకుండా పొద్దునా సాయంత్రం ఉప్పునీటి ఆవిరి పట్టాలి. ఆ పని నాదే. ఆవిరి కాస్త ఆలస్యమైతే ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వినపడేది. ఆ ఈల వింటే చేతిలో పని వదిలేసి ఆవిరి మిషన్ తెచ్చేదాన్ని. ఊపిరి ఎప్పుడు ఆగిపోతుందో అని.

మార్కెట్ షావుకారు స్టూలు మా ఆయనకిచ్చాడు. "వదిన వచ్చేదాకానే" అని ఈయన చేతులు కట్టుకుని చెప్పాడు. వారం తిరక్కుండా ఆ స్టూలుకి మెత్త కుట్టించుకున్నాడు. నాకప్పుడే ఒళ్ళు మండింది. అక్క మాత్రం, "వాడి కొట్టు ఖాళీగా ఉంది కదా, నేను చూసుకుంటాను. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోంది" అని గుసగుసగా అంది.

సరుకు కొనడానికి నేనూ వెంట వెళ్ళాను. మార్కెట్లో ఒక రూలుంది. చెయ్యెత్తితే లెక్క కాదు, నోటితో ధర పాడాలి, స్టూలు మీదవాళ్ళకి వినపడాలి. టమాటా డబ్బాలు వేలానికొచ్చాయి. అక్క పాడింది. ఈయన మాకు పది అడుగుల దూరంలో కూడా లేడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "వినపడలేదొదినా" అన్నాడు. అక్క మళ్ళీ పాడింది. మెడ నరాలు ఉబ్బాయి. "ఆవిడ పాడింది, నేను విన్నాను" అన్నాను నేను.

"పక్కవాళ్ళు విన్నది లెక్క కాదు. స్టూలు మీదవాడు వినాలి. మార్కెట్ రూలు" అన్నాడు. అని ఊరుకున్నా బాగుండేది. అక్క ఊపిరి తీసుకుంటుంటే అచ్చం అలాగే బుగ్గలు లోపలికి లాక్కుని సన్నగా ఈల వేసి చూపించాడు. షెడ్డు షెడ్డంతా నవ్వింది. తన చేతి అన్నం తిని పెరిగినవాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

అక్క ఏడవలేదు. ఇంటికొచ్చి ఆవిరి మిషన్ పెట్టుకుంది. అయ్యాక నా చెయ్యి పట్టుకుని, "ఈ గొట్టం తియ్యనీ చెల్లాయ్" అంది. అంతే అంది. ఆ కళ్ళు చూస్తే మిగతాది నాకర్థమైంది.

ఆ రోజునుంచి నేనూ ఇంట్లో చెవుడు తెచ్చుకున్నాను. ఆయన కంచం ముందు కూర్చుని కూర అంటాడు. "వినపడలేదండీ." మంచినీళ్ళంటాడు. "ఏమిటీ?" గొంతు చించుకుంటే అప్పుడు తాపీగా చెంబు తెచ్చేదాన్ని. ఆయనకి చీమ కుట్టినట్టైనా ఉందో లేదో గానీ నాకు మాత్రం అన్నం సయించేది.

ఏడాది దాటి గొట్టం తీసే సంగతి వచ్చేసరికి, ఈయన ఆస్పత్రికి తయారయ్యాడు. "ఉంచేస్తేనే మంచిది కదండీ, తీశాక మూసుకుపోతే మా వదిన ప్రాణానికే ముప్పు" అన్నాడు డాక్టరమ్మతో, గొంతులో తేనె పోసుకుని. పిల్లి శాపాలకి ఉట్లు తెగవు. డాక్టరమ్మ అతని వంక చూడనైనా చూడకుండా అక్కనడిగింది, "మీరేమంటారమ్మా?" అక్క నోరు తెరవకుండా, గొంతు మీద వేలు పెట్టి బయటికి లాగినట్టు చూపించింది.

మత్తిచ్చి తీశారు. బయట బెంచీ మీద నేను మొక్కని దేవుడు లేడు. నాళం తెరుచుకునే ఉందన్నారు. కానీ కొన్ని వారాలు ఆగి మళ్ళీ చూస్తేగానీ ఏమీ చెప్పలేమన్నారు. ఆ వారాలన్నీ అక్క పక్కన పడుకుని ఆవిడ ఊపిరి వింటూనే ఉన్నాను. ఈల లేదు. మళ్ళీ కెమెరా వేసి చూసిన డాక్టరమ్మ, "మీ పనికి మీరు పోవచ్చు" అంది. ఇంటికొస్తూనే అక్క పెరట్లో నిలబడి "ఒకటోసారి" అంది. పాత గొంతు కాదు, బొంగురుగా, ఇంకా లావుగా ఉంది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "ఏం అమ్ముతున్నారు?" అంది.

షావుకారు ఒక్కసారి విన్నాడు. స్టూలు అక్కకిచ్చేశాడు. అక్క ముందు ఆ మెత్త తీసి కింద పడేసి, స్టూలెక్కింది.

మా ఆయన కిందికొచ్చి కొనేవాళ్ళలో నిలబడ్డాడు. కొట్టులోకి సరుకు కావాలి మరి. టమాటాలొచ్చాయి. ఈయన పాడాడు. అక్క చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "వినపడలేదు మరిదీ." షెడ్డంతా ఇటు తిరిగింది. అందరికీ గుర్తొచ్చింది. ఈయన గట్టిగా పాడాడు. "వినపడలేదు." డబ్బాలు వేరేవాళ్ళకి పోయాయి. ఉల్లిపాయలొచ్చాయి, పోయాయి. క్యాబేజీ పోయింది. ప్రతిదానికీ అరుస్తూనే ఉన్నాడు. మొహం కందగడ్డైంది. చివరికి గొంతు పూర్తిగా పోయి, నోరు తెరిస్తే సన్నగా ఈల మాత్రం వచ్చింది. ముందు నవ్వింది నేనే. తర్వాత షెడ్డంతా నవ్వింది.

ఆఖరి టమాటా డబ్బాలు మిగిలాయి. ఆయన వెనకే నిలబడి ఉన్నాను. పాలు తాగే పిల్ల లేస్తుందేమో అన్నంత మెల్లగా ధర పాడాను.

"చెల్లాయ్ పాడింది" అంది అక్క. "ఒకటోసారి. రెండోసారి. మూడోసారి."

ఆయన గిరుక్కున తిరిగాడు. "ఏం పాడిందొదినా? పక్కనే ఉన్నాను, నాకే వినపడలేదు" అని గుసగుసలాడాడు.

"పక్కవాళ్ళు విన్నది లెక్క కాదు మరిదీ. స్టూలు మీదవాళ్ళు వినాలి. మార్కెట్ రూలు."

డబ్బాలు బండికెక్కించారు. సరుకు పాడినవాళ్ళదే కదా, ఆ రోజునుంచి కొట్టు మీద కూర్చునేది నేను. "బండి తొయ్యండి, ఎండెక్కుతోంది" అన్నాను, అంతే మెల్లగా. ఆ మాట మాత్రం ఆయనకి వినపడింది.