టైపు పిన్ని ఇనుప స్కేలు

కోర్టు ఎదురుగా ఉన్న ఇరుకు కొట్లో ముప్ఫయ్యేళ్లుగా టైపు చేస్తోంది టైపు పిన్ని. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో. టైపు మిషన్ పోయి కంప్యూటర్ వచ్చినా ఒక్క అలవాటు పోలేదు. చేతిరాత కాగితాన్ని కీబోర్డు ఎడమ పక్క ఏటవాలు చెక్కకి ఆనించి, చదివే వరస కింద ఇనుప స్కేలు పెట్టి, వరస వరసకీ కిందికి జరుపుతుంది. వరస తప్పితే ఎవరి కొంపో మునుగుతుందని భయం.

ఆ రోజు నిజంగా కొంప సంగతే. బెంచీ మీద కూర్చున్న వడ్రంగి ఇల్లు మధ్యాహ్నం మునిసిపాలిటీ వాళ్లు కూల్చేస్తారు. పదకొండున్నరకి అర్జీ జడ్జిగారి ముందు పడితేనే ఆగుతుంది. పదకొండు కొట్టేసింది. ఆఖరి పేజీలో ఇంకా నాలుగు వరసలున్నాయి.

పిన్ని ఒక మీట నొక్కింది. అక్షరం పడలేదు, తెర మీద అర్జీ అంతా నీలంగా మారింది. ఇంకోటి నొక్కింది. తొమ్మిది పేజీలూ మాయం.

వడ్రంగి బెంచీ మీంచి లేచాడు. "ఏమైంది పిన్నీ?"

"కూర్చో నాయనా, నా గుండె ఆగేట్టుంది."

కంట్రోలుతో జెడ్ కలిపి నొక్కింది. పేజీలు తిరిగొచ్చాయి. టైపు మొదలెడితే మళ్లీ అంతా నీలం.

"ఆపేసి ఆన్ చెయ్యండి పిన్నిగారూ," అన్నాడు పక్కనే నిలబడ్డ వడ్రంగి తరఫు లాయరు, గడియారం చూస్తూ.

"ఈ ముసలి డబ్బా లేవడానికే పావుగంట. అంతసేపు ఆగడానికి జడ్జిగారు మీ మామగారా?"

స్కేలు పక్కన పడేసి, కీబోర్డు బోర్లించి తట్టింది. బోలెడు దుమ్ము రాలింది. ఈసారి అక్షరాలు చక్కగా పడ్డాయి. హమ్మయ్య అనుకుని స్కేలు వరస కింద పెట్టి మళ్లీ టైపు మొదలెట్టింది. మళ్లీ నీలం!

"పిన్నీ, నాకా పెట్టె సంగతి తెలీదు గానీ స్కేలు సంగతి తెలుసు," అన్నాడు వడ్రంగి. "కాగితం అడుగుకొచ్చేసరికి దాని కొస ఆ మూల మీటెక్కి కూర్చుంటోంది."

ఆ మూల మీటే కంట్రోలు. అది నొక్కి ఉంటే ఏ అక్షరం కొట్టినా అక్షరం పడదు, మిషన్‌కి ఏదో ఒక ఆజ్ఞ అవుతుంది.

"ఓసి నా అలవాటు మండా! పట్టుకో, కొస పైకెత్తి పట్టుకో!"

వడ్రంగి వరస వరసకీ స్కేలు దించాడు. ఆ చెయ్యి అణువంత కదల్లేదు. పదకొండూ ఇరవైకి లాయరు ప్రింటయిన కాగితాలు లాక్కుని రోడ్డు దాటాడు.

సాయంత్రం వడ్రంగి సుత్తితో వచ్చాడు. ఏటవాలు చెక్క కింది అంచున చిన్న దిమ్మ పెట్టి మేకు కొట్టాడు. స్కేలిక అంతకంటే కిందికి దిగదు.

"ఇల్లేమైందిరా?" అంది పిన్ని.

"ఈ దిమ్మ ఇందాకే మా గుమ్మంలో కూర్చుని చెక్కాను పిన్నీ."