వాగు ముందు బండ్లు ఆపిన పెద్దాయన

మా పక్కింటి పెద్దాయన పోయారు. శుక్రవారం స్కూల్లో లెక్కల క్లాసు ముగించి బయటికి వస్తుంటే వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "నాన్న స్టోర్ ముందు మంచు మీద జారి పడ్డారు. తలకి దెబ్బ తగిలింది. ఇక లేరు." "ఎవరి నాన్న?" అని అడిగాను. ఎంత పిచ్చి ప్రశ్న! నమ్మకం మాత్రం ఇప్పటికీ కుదరడం లేదు.

అమెరికాలోని ఈ వయోమింగ్ కొండల్లో చలికాలమంతా గడ్డకట్టిన వాగుల మీద నడిచి, వాగులకు ఆనకట్టలు కట్టుకునే బీవర్లనే జంతువులకు ఉచ్చులు పెట్టి, వాటి బొచ్చు తోళ్లు అమ్మేవారాయన. వేసవిలో కంచరగాడిదలు లాగే గుడారపు బండ్లలో టూరిస్టులను ఒకప్పుడు జనం పడమటికి వలసపోయిన పాత బాట వెంట తీసుకెళ్లేవారు. అలాంటి మనిషి పాలు కొనుక్కుని వస్తూ పడిపోవడమా!

గుంటూరు నుంచి టీచరుగా వచ్చిన కొత్తలో, ఆయన షెడ్డులో ఆరేసిన తోళ్లు చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. "చంపడానికి మీకు చేతులెలా వస్తాయి?" అనేశాను. ఆయన నొచ్చుకోలేదు. "ప్రతిసారీ వణుకుతాయి టీచర్. వణకని రోజున మానేస్తాను" అన్నారు. మర్నాడు పొద్దున చూస్తే మా మెట్ల మీది మంచు ఎత్తిపోసి, నేను జారకుండా ఇసుక చల్లుతున్నారు. ఆ తర్వాత మంచు కురిసిన ప్రతిసారీ అంతే.

మొన్న వేసవిలో మా ఆయనా నేనూ ఆ బండ్లెక్కాం. రెండో రోజు ఒక వాగు అడ్డొచ్చింది. నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. కానీ ఉన్నట్టుండి రంగు మారాయని, పుల్లలు కొట్టుకొస్తున్నాయని, ఆయన బండ్లన్నీ వెనక్కి, మిట్ట మీదికి తిప్పించారు.

"ఇంతదూరం వచ్చింది దాటడానికే కదా!" అని ఒక టూరిస్టు కేకలేశాడు.

"నన్ను తిట్టుకోండి. తిట్టుకోవడానికైనా అందరూ మిగలాలి."

అరగంటలో ఆ వాగు, పైన కొండల్లో పడ్డ వానకి ఉప్పొంగి, ఓ పెద్ద చెట్టును దొర్లించుకుంటూ వచ్చింది. మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పెద్దాయన మాత్రం "చూశారా" అని కూడా అనకుండా, వంగి, కంచరగాడిద గిట్టలో ఇరుక్కున్న రాయి తీస్తున్నారు.

నిన్న వాళ్లమ్మాయి తాళాలిచ్చి, "నాన్న పికప్ ట్రక్కు ఇంకా అక్కడే ఉంది టీచర్. ఆ స్టోర్ దగ్గరికి నేను వెళ్లలేను, ప్లీజ్" అంది. వెళ్లాను. తలుపు తీస్తే డ్రైవర్ సీటు మీద ఆయన తోలు చేతి తొడుగులు. వాటి వేళ్లు ఇంకా పగ్గాలు పట్టుకున్నట్టు వంగే ఉన్నాయి. జరపడానికి మనసొప్పలేదు. సీటు అంచున కూర్చునే ఇంటిదాకా నడిపాను.